కార్డు మీద అచ్చయిన మాట: మ్యాజిక్ ఆటలో ముప్పై ఏళ్ల నియమాల మార్పులు

పేకముక్కల మీద నియమాలేవీ రాసి ఉండవు. రమ్మీకి కూర్చునేటప్పుడే ఫస్ట్ డ్రాప్‌కి ఎంత, ఫుల్ కౌంట్ ఎంత అని నోటిమాటగా ఒప్పుకుంటాం. ఇంకో ఇంటికి వెళ్తే ఇంకో పద్ధతి. ముక్కలు మాత్రం అవే. 1993 ఆగస్టులో అమెరికాలో విడుదలైన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. గణితంలో డాక్టరేటు చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే కంపెనీ అచ్చువేసింది. ఇందులో ప్రతి కార్డూ తన నియమాన్ని తన మీదే మోస్తుంది. తొలి ముద్రణలో 295 కార్డులు ఉండేవి, ఇప్పుడు పాతిక వేల రకాలు దాటాయి. ఎవరికి వారు ప్యాకెట్లు కొని, స్నేహితులతో మార్చుకుని, ఆ సేకరణలోంచి డెక్ కట్టుకుని ఆటకు వస్తారు.

అందువల్ల ఇక్కడ నియమం మారిందంటే డబ్బు పెట్టి కొన్న వస్తువు చేసే పని మారినట్టే. ఒక్కోసారి దాని ధర కూడా మారుతుంది. అలాగని నియమాలు మార్చకుండా ఆటను బతికించుకోవడం కుదరదు. ఏటా కొత్త కార్డులు వస్తుంటే పాతవాటితో కలిసి అవి ఏం చేస్తాయో ముందే పూర్తిగా ఊహించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి, ఆ మార్పు ఖర్చు ఎవరి మీద పడాలి అన్నవే అసలు ప్రశ్నలు. ఈ ముప్పై ఏళ్ల చరిత్రను ఒక కొలతతో చూడాలని నా ఉద్దేశం. కార్డు మీద అచ్చయిన మాటను కంపెనీ ఆటగాడికి ఇచ్చిన మాటగా తీసుకుందాం. కార్డు చదివితే అది ఏం చేస్తుందో తెలియాలి. ఆ మాటను నిలబెట్టిన మార్పులు కాలానికి నిలిచాయి. దాన్ని తప్పిన మార్పులు ఏళ్ల తరబడి గొడవలుగా మిగిలాయి.

పందెం నుంచి పరిమితుల దాకా

మొదట్లో డెక్‌లో కనీసం 40 కార్డులుంటే చాలు. ఒకే కార్డు ఎన్ని పెట్టుకోవాలన్న దానికి హద్దు లేదు. ఆటకు ముందు ఇద్దరూ తమ డెక్‌లోంచి ఒక్కో కార్డు తీసి పందెంగా పక్కన పెట్టేవాళ్లు. గెలిచినవాళ్లు రెండూ తీసుకుపోయేవాళ్లు. ఒక్కొక్కరు కొద్దిపాటి ప్యాకెట్లే కొంటారని, అరుదైన కార్డులు ఊరికి ఒకటో రెండో ఉంటాయని, పందేల వల్ల అవి చేతులు మారుతుంటాయని గార్‌ఫీల్డ్ అనుకున్నాడు. ఆ లెక్కన బ్లాక్ లోటస్ లాంటి అతి బలమైన కార్డు ఎవరో ఒకరి దగ్గర ఉన్నా ప్రమాదం లేదు.

జనం ఆ లెక్కను నెలల్లోనే తారుమారు చేశారు. పెట్టెలకు పెట్టెలు కొన్నారు. ఒకే బలమైన కార్డును పదులకొద్దీ పోగేసి డెక్‌లు కట్టారు. దాంతో 1994 జనవరిలో టోర్నమెంట్లకు అధికారిక నియమాలు వచ్చాయి. డెక్‌లో కనీసం 60 కార్డులుండాలి, కార్డులు వెయ్యడానికి కావలసిన శక్తిని (మానా) ఇచ్చే బేసిక్ ల్యాండ్‌లు తప్ప ఏ కార్డూ నాలుగుకు మించకూడదు. బ్లాక్ లోటస్, యాన్సెస్ట్రల్ రీకాల్, టైమ్ వాక్ వంటివి ఒక్కటే పెట్టుకోవాలి. పందెం కార్డులు నిషేధం. కొంతకాలానికి పందెం ఆటలోంచే మాయమైంది. కష్టపడి కొన్న కార్డును ఓడిపోయి పోగొట్టుకోవడం చాలామందికి నచ్చలేదు. కొన్ని చోట్ల అది జూదం చట్టాల్లో చిక్కుకునే ప్రమాదమూ ఉంది.

ఈ తొలి మార్పుల్లో ఒక మంచి పద్ధతి ఉంది. ఏ కార్డు మీది అక్షరమూ మార్చలేదు. బ్లాక్ లోటస్ అప్పుడూ ఇప్పుడూ మూడు మానా ఇస్తుంది. అది ఎన్ని పెట్టుకోవచ్చో మాత్రమే మారింది. ఇంట్లో స్నేహితులతో ఆడుకునేవాళ్లు ఆ హద్దు పాటించకపోయినా అడిగేవాళ్లు లేరు. కార్డును ముట్టుకోకుండా, అది ఎక్కడ ఎంతవరకు చెల్లుతుందో మాత్రం చెప్పడం ఈ ఆట నేర్చుకున్న మొదటి పాఠం. తర్వాత చాలాసార్లు మరిచిపోయిన పాఠం కూడా అదే.

1999: ఎవరి కార్డు ముందు?

మ్యాజిక్‌లో ఎదుటివాళ్లు కార్డు వేస్తున్నప్పుడే దానికి జవాబుగా మన కార్డు వెయ్యొచ్చు. ఆట రుచి అంతా అక్కడే ఉంది. మొదటి ఆరేళ్లూ తలనొప్పి కూడా అక్కడే ఉండేది. ఇన్‌స్టంట్‌లు ఒక జాతి, వాటికంటే వేగమైన ఇంటరప్ట్‌లు ఇంకో జాతి. ఇంటరప్ట్‌కు ఇంటరప్ట్‌తోనే జవాబివ్వాలి. వేసిన కార్డులు ఒక గుంపుగా పేరుకుని, విప్పడం మొదలయ్యాక మధ్యలో ఎవరూ కొత్తది కలపడానికి వీల్లేదు. డ్యామేజీని ఆపుకోవడానికి విడిగా ఒక ఘట్టం. ప్రాణాలు సున్నాకు వచ్చినా వెంటనే ఓడిపోరు, అప్పుడు నడుస్తున్న ఘట్టం ముగిసేదాకా బతికే ఉంటారు. ఈ సందును వాడుకునే మిర్రర్ యూనివర్స్ డెక్‌లు కూడా ఉండేవి. కావాలనే తన ప్రాణాలు సున్నాకు తెచ్చుకుని, ఘట్టం ముగిసేలోపు ఎదుటివాళ్లతో ప్రాణాలు మార్చుకుంటే ఓడేది ఎదుటివాళ్లే!

1999లో సిక్స్త్ ఎడిషన్‌తో వచ్చిన నియమాలు ఇవన్నీ ఊడ్చేశాయి. వాటి స్థానంలో ‘స్టాక్’ వచ్చింది. కార్డులు ఒకదానిమీద ఒకటి పేరుస్తాం, పైనున్నది ముందు పనిచేస్తుంది. ఒక్కొక్కటి విప్పాక ఇద్దరికీ మళ్లీ జవాబిచ్చే అవకాశం ఉంటుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. నా దగ్గర గ్రిజ్లీ బేర్స్ అనే క్రీచర్ ఉంది. దాని బలం 2/2, అంటే రెండు డ్యామేజీ చేస్తుంది, రెండు తగిలితే చచ్చిపోతుంది. మీరు దాని మీద మూడు డ్యామేజీ చేసే లైట్నింగ్ బోల్ట్ వేశారు. అది ఇంకా స్టాక్ మీదే ఉంది. నేను జవాబుగా, ఆ టర్న్ ముగిసేదాకా +3/+3 ఇచ్చే జెయింట్ గ్రోత్ వేశాను. నాది పైన ఉంది కాబట్టి ముందు అదే పనిచేస్తుంది. ఎలుగుబంటి 5/5 అవుతుంది, తర్వాత మీ బోల్ట్ తగిలినా బతుకుతుంది. ఇప్పుడు వరస తిప్పి చూడండి. నేనే ముందు జెయింట్ గ్రోత్ వేశాను, మీరు జవాబుగా బోల్ట్ వేశారు. మీ బోల్ట్ పైన ఉంది. ఇంకా 2/2గానే ఉన్న ఎలుగుబంటి చచ్చిపోతుంది, నా జెయింట్ గ్రోత్‌కు తగలడానికి ఏమీ మిగలదు. అవే మూడు కార్డులు, ఎవరు ఓపిక పట్టారన్న ఒక్క తేడాతో ఫలితం తిరగబడింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు. పాతికేళ్లు ఆడినవాళ్లు కూడా ఇందులో తప్పటడుగు వెయ్యొచ్చు. మంచి నియమానికి ఇంతకంటే ఏం కావాలి?

నా కొలతతో చూస్తే ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పాత కౌంటర్‌స్పెల్ మీద ‘ఇంటరప్ట్’ అని అచ్చయి ఉంది, 1999 తర్వాత ఆ మాటకు ఆటలో చోటు లేదు. అంటే అచ్చయిన మాట తప్పినట్టే కదా? తప్పింది. కానీ తప్పిన తీరు చూడండి. ఇంటరప్ట్ అని కనిపించిన ప్రతిచోటా ఇన్‌స్టంట్ అని చదువుకోవాలన్న ఒక్క ముక్క గుర్తుంటే పాత కార్డులన్నీ మళ్లీ చదువుకోదగ్గవే. ఒక్కో కార్డుకూ విడిగా జ్ఞాపకం పెట్టుకోవలసింది లేదు. అన్ని కార్డులకూ ఒకేసారి వర్తించి, ఆటగాడు గుర్తుంచుకోవలసిన భారాన్ని మొత్తమ్మీద తగ్గించే మార్పు అచ్చయిన మాటకు చేసిన అపచారం కాదు. నా దృష్టిలో అది మరమ్మతు.

ఆ మరమ్మతు ఎంత గట్టిదంటే, 2019లో ముగ్గురు పరిశోధకులు ఈ ఆట ట్యూరింగ్ కంప్లీట్ అని నిరూపించగలిగారు. అంటే కార్డులను ఒక వరసలో అమర్చి కంప్యూటర్ చేసే ఏ గణననైనా ఆటలోనే నడపొచ్చు. ప్రతి మాటకూ ఒకే అర్థం ఉండేలా నియమాలు బిగిశాకే అలాంటి నిరూపణ సాధ్యమైంది. సమగ్ర నియమావళి ఇప్పుడు 250 పేజీలు దాటింది. ఆటగాళ్లలో చాలామంది దాన్ని తెరిచి చూడకుండానే ఏళ్లపాటు హాయిగా ఆడతారు. ఆ పుస్తకం తన పని సరిగ్గా చేస్తోందనడానికి అదే రుజువు.

2009: పోయిన కిటుకులు

స్టాక్ తెచ్చిన కొత్త చిక్కు ఒకటుంది. క్రీచర్ల పోరులో జరిగే డ్యామేజీని కూడా పదేళ్లపాటు స్టాక్ మీద పెట్టేవాళ్లు. మాగ్ ఫనాటిక్ అనే చిన్న గాబ్లిన్‌ను తీసుకోండి. బలం 1/1. దాన్ని బలిస్తే ఎవరికైనా ఒక డ్యామేజీ చేస్తుంది. ఎదుటివాళ్ల 2/2 క్రీచర్‌కు దాన్ని అడ్డం పెడతాం. పోరులో అది చేసే ఒక డ్యామేజీ స్టాక్ మీదికి వెళ్తుంది. అది తగిలేలోపు గాబ్లిన్‌ను బలిచ్చి ఇంకో డ్యామేజీ చేస్తాం. గాబ్లిన్ బల్ల మీద లేకపోయినా దాని దెబ్బ గాల్లో ఉంటుంది. ఒకటీ ఒకటీ రెండు, ఎదుటి క్రీచర్ చస్తుంది.

అనుభవజ్ఞులకు ఇది ముచ్చటైన కిటుకు. కొత్తవాళ్లకు మాత్రం అది కార్డు మీద ఎక్కడా కనిపించదు. చచ్చిపోయిన గాబ్లిన్ ఎలా కొట్టిందని అడిగితే చూపించడానికి నియమావళి తప్ప ఇంకేం లేదు. 2009 జులైలో మ్యాజిక్ 2010 సెట్‌తో డ్యామేజీ స్టాక్ మీదికి వెళ్లడం ఆగిపోయింది. ఆ గాబ్లిన్ కొట్టాలి, లేదా బలి కావాలి. ఏదో ఒకటి ఎంచుకోవాలి. మాగ్ ఫనాటిక్ బలహీనపడిందని చాలామంది బాధపడ్డారు. నిజమే, బలహీనపడింది. కానీ చదివినదానికి, జరిగేదానికి ఉన్న దూరం పూర్తిగా పోయింది.

అదే సమయంలో మానా బర్న్ కూడా పోయింది. తీసుకున్న మానా ఖర్చు చెయ్యకపోతే మిగిలిన ఒక్కోదానికి ఒక్కో ప్రాణం పోవాలన్నది పాత నియమం. డిజైనర్లు కొంతకాలం ఆ నియమం లేకుండా ఆడి చూసి, తేడా దాదాపు తెలియడం లేదని గ్రహించి తీసేశారు. నియమాన్ని తీసే ముందు అది లేకుండా ఆడి చూడటమన్నది ఎంత సులువైన పరీక్షో, ఎంత అరుదుగా జరుగుతుందో ఆటల చరిత్ర తెలిసినవాళ్లకు తెలుసు.

2009లో కొత్తగా చేర్చిన ఒక నియమం మాత్రం పొరపాటని కాలం తేల్చింది. ఒక క్రీచర్‌ను ఇద్దరు ముగ్గురు అడ్డుకుంటే, దెబ్బ ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న వరస ముందే ప్రకటించాలన్నారు. అది ఏ కార్డు మీదా రాసి లేని భారం. 2024 నవంబరులో ఫౌండేషన్స్ సెట్‌తో ఆ వరసను తీసేశారు. పదిహేనేళ్ల తర్వాతైనా చేసిన నియమాన్ని వెనక్కు తీసుకోవడానికి వెనకాడకపోవడం మెచ్చుకోదగ్గది.

అదృష్టానికి ఎంత చోటు?

ల్యాండ్‌లు లేకపోతే మానా లేదు, మానా లేకపోతే ఆటే లేదు. పంచిన ఏడు కార్డుల్లో ల్యాండ్‌లు తగినన్ని రాకపోతే ఎదుటివాళ్లు ఆడుతుంటే చూస్తూ కూర్చోవాలి. దీనికి విరుగుడే మల్లిగన్, అంటే చేతిని కలిపేసి మళ్లీ తీసుకోవడం. తొలి రోజుల టోర్నమెంట్లలో ఏడూ ల్యాండ్‌లే వచ్చినా, ఒక్కటీ రాకపోయినా ఎదుటివాళ్లకు చూపించి ఒక్కసారి మళ్లీ తీసుకోవచ్చు. న్యాయంగానే కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే చాలదని తేలుతుంది. 60 కార్డుల డెక్‌లో 24 ల్యాండ్‌లు ఉన్నాయనుకుంటే, మొదటి చేతిలో ఒక్క ల్యాండూ రాకపోయే అవకాశం సుమారు 2.2 శాతం. ఏడూ ల్యాండ్‌లే అయ్యే అవకాశం 0.1 శాతం కూడా లేదు. ఒక్కటే ల్యాండ్ వచ్చే అవకాశం మాత్రం 12 శాతం. అంటే అసలు జబ్బు 12 శాతం దగ్గరుంటే మందు 2 శాతం వాళ్లకే ఇచ్చారు.

1997లో ప్యారిస్ ప్రో టూర్‌తో వచ్చిన పద్ధతి ఎవరైనా, ఏ కారణానికైనా చేతిని మార్చుకోవచ్చంది. ప్రతిసారీ ఒక కార్డు తక్కువ వస్తుంది, అదే మూల్యం. పద్దెనిమిదేళ్లు అది నడిచింది. 2015లో వాంకూవర్ పద్ధతి వచ్చింది. చేతిలో కార్డులు తగ్గినవాళ్లు ఆట మొదలయ్యే ముందు డెక్ మీది కార్డు చూసి, అక్కర్లేదనుకుంటే అడుక్కి నెట్టొచ్చు. 2019లో లండన్ పద్ధతి వచ్చింది. ప్రతిసారీ ఏడు కార్డులూ తీసుకోవాలి, ఎన్నిసార్లు మార్చుకుంటే అన్ని కార్డులు ఎంచి డెక్ అడుక్కి పంపాలి. ఎంపిక ఆటగాడి చేతిలో ఉండటంతో ఆడదగ్గ చెయ్యి దొరికే అవకాశం బాగా పెరిగింది. దీన్ని ముందు లండన్‌లో ఒక పెద్ద టోర్నమెంట్‌లో ప్రయోగించి, ఫలితాలు చూశాకే అందరికీ వర్తింపజేశారు.

ఈ మార్పుల మీద వచ్చిన గట్టి విమర్శ ఒకటుంది. మంచి చెయ్యి తేలిగ్గా దొరికితే, ఫలానా రెండు కార్డులు కలిస్తే గెలిచేసే డెక్‌లు మరీ బలపడతాయి అన్నారు. ఏ కార్డులు చెల్లుతాయో తేల్చే ఆట పద్ధతులను ఫార్మాట్లు అంటారు. పాత కార్డులన్నీ చెల్లే ఫార్మాట్లలో ఆ భయంలో నిజముంది. అయినా నా మొగ్గు లండన్ పద్ధతి వైపే. పెద్ద టోర్నమెంటుకు దూరాభారం ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ల్యాండ్ రాక ఒక్క కార్డూ వెయ్యకుండా ఓడిపోవడంలో ఎవరి ప్రతిభా లేదు. ఈ మార్పులన్నింటిలోనూ ఏ కార్డు మీది మాటా మారలేదన్నది ఇంకో సంగతి. ఆట మొదలయ్యే ముందున్న ఘట్టం ఒక్కటే బాగుపడింది.

ముందు ఆడేవాళ్లకు ఉండే సహజమైన మేలును తగ్గించడానికి కూడా ఇలాంటి కార్డు ఆటలు తంటాలు పడ్డాయి. మ్యాజిక్‌లో ముందు ఆడేవాళ్లకు మొదటి టర్న్‌లో కార్డు తీసుకునే హక్కు తీసేశారు. జపాన్ ఆట యు-గి-ఓ 2014లో అదే దారి పట్టింది. పోకెమాన్ కార్డుల ఆటలో ముందు ఆడేవాళ్లు తొలి టర్న్‌లో దాడి చెయ్యకూడదు, 2020 నుంచి సపోర్టర్ కార్డు కూడా వాడకూడదు. మూడు ఆటలూ విడివిడిగా ఇంచుమించు ఒకే తీర్పుకు వచ్చాయి.

లెజెండ్ ఒక్కడే ఉండాలా?

1994లో లెజెండ్స్ సెట్‌తో కథలోని వీరులు కార్డులయ్యారు. వీరుడు ఒక్కడే కాబట్టి బల్ల మీద ఒక్కడే ఉండాలన్నారు. అదే వీరుడు రెండోసారి వస్తే రెండోది చచ్చినట్టే. అంటే ముందు వేసినవాళ్లే రాజు, వెనకబడినవాళ్ల చేతిలోని కార్డు చిత్తుకాగితం. 2004లో కామిగావా సెట్‌తో రెండూ పోవాలని మార్చారు. దాంతో ఎదుటివాళ్ల వీరుణ్ణి చంపడానికి అదే వీరుణ్ణి దాచుకునే అలవాటు పుట్టింది. 2007లో వచ్చిన ప్లేన్స్‌వాకర్ కార్డులకూ ఇలాంటి నియమమే పెట్టారు. 2010లో జేస్, ద మైండ్ స్కల్ప్టర్ అనే ప్లేన్స్‌వాకర్ రాజ్యమేలుతున్నప్పుడు, దాన్ని కూల్చడానికి చవకైన జేస్ బెలెరెన్‌ను డెక్‌లో పెట్టుకునేవాళ్లు. రెండో జేస్ వస్తే రెండు జేస్‌లూ పోతాయి.

2013లో ఈ లెక్క మారింది. ఎవరి వైపు వాళ్లకే నియమం. ఎదుటివాళ్ల దగ్గర అదే వీరుడున్నా నా వీరుడు నాకు ఉంటాడు. నా వైపే రెండు వస్తే ఒకటి ఎంచుకుని ఉంచుకుంటాను. కథ ప్రకారం ఒకే మనిషి రెండు చోట్ల ఉండటమేమిటని కథాభిమానులు అడిగారు. ఆ ప్రశ్నకు ఆటలో జవాబు లేదు. కానీ ఆటగాడి కోణంలో చూస్తే కార్డు తన మీద రాసినదే చేస్తోంది. ఎదుటివాళ్ల కార్డును చంపే ఆయుధంగా మారమని జేస్ బెలెరెన్ మీద ఎక్కడా రాసి లేదు. 2017లో ప్లేన్స్‌వాకర్లు కూడా ఈ సాధారణ నియమం కిందికే వచ్చాయి. రెండు నియమాలు ఒకటయ్యాయి, గుర్తుంచుకోవలసింది సగమైంది.

అక్షరం మార్చితే ఏమవుతుంది?

అచ్చయిన కార్డు మరీ బలమైనదని తేలినప్పుడు ఇంకో దారి ఉంది. కార్డు చెల్లుబాటును తగ్గించకుండా, దాని మీది వాక్యానికే ‘సవరించిన పాఠం’ ప్రకటించడం. తొంభైల్లో కొన్ని కార్డులకు ఇలాగే చేశారు. వాటిలో ఒకటి ఫ్లాష్. అచ్చులో ఉన్న ప్రకారం చేతిలోని క్రీచర్‌ను ముందు బల్ల మీద పెట్టాలి, తగ్గించిన ఖర్చు చెల్లించకపోతే బలివ్వాలి. సవరించిన పాఠం ప్రకారం ఖర్చు ముందే చెల్లించకపోతే క్రీచర్ బల్ల మీదికే రాదు. కార్డు కొన్నవాళ్లు చదివేది ఒకటి, ఆడవలసింది ఇంకొకటి.

బలాన్ని తగ్గించడానికి చేసిన ఇలాంటి సవరణలను ఎత్తేసి, అచ్చులోని అర్థానికే తిరిగి రావాలని తర్వాత నిర్ణయించారు. 2007లో ఫ్లాష్‌కు అసలు అర్థం తిరిగొచ్చింది. ఈలోగా ప్రోటియన్ హల్క్ అనే కార్డు వచ్చి ఉంది. అది చస్తే డెక్‌లోంచి మొత్తం ఖర్చు ఆరు దాటని క్రీచర్లను వెతికి బల్ల మీదికి తెచ్చుకోవచ్చు. ఫ్లాష్‌తో హల్క్‌ను పెట్టి, ఖర్చు చెల్లించకుండా చావనిస్తే మొదటి ఒకటి రెండు టర్న్‌లలోనే ఆట ముగిసిపోయేది. ఆ ఏడాది మే నెలలో కొలంబస్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ టోర్నమెంట్‌ను ఈ డెక్కే గెలిచింది. ఆ ఏడాదిలోనే ఫ్లాష్‌ను లెగసీ ఫార్మాట్‌లో నిషేధించారు.

అర్థం తిరిగి ఇవ్వడమే తప్పని కొందరు దీన్ని ఉదాహరణగా చూపిస్తారు. నేను దీన్ని సరిగ్గా తిరగేసి చదువుతాను. నిషేధం కఠినమైనదే కానీ నిజాయతీ గలది. ఈ కార్డు ఇది చేస్తుంది, ఈ ఫార్మాట్‌లో మాత్రం చెల్లదు అని అందరికీ కనిపించేలా చెబుతుంది. చాటుమాటు సవరణ వల్ల కార్డు చెల్లుతుంది కానీ అబద్ధమాడుతుంది. టోర్నమెంట్‌లో మొదటిసారి కూర్చున్న పిల్లవాడు తన కార్డు చదివి వేస్తే, జడ్జి వచ్చి అది అలా పనిచెయ్యదని చెప్పడం కన్నా పెద్ద నిరుత్సాహం ఈ ఆటలో లేదు.

2020లో ఆ పాఠం మళ్లీ మరుగున పడింది. ఇకోరియా సెట్‌తో ‘కంపానియన్’ అనే పది కార్డులు వచ్చాయి. డెక్ కట్టేటప్పుడు ఒక షరతు పాటిస్తే, ఆ కార్డును డెక్‌లో పెట్టకుండా బయటే ఉంచి, ఆటలో ఒకసారి నేరుగా వెయ్యొచ్చు. అంటే ప్రతి ఆటలోనూ ఎనిమిదో కార్డు ఖాయం. కొద్ది వారాల్లోనే ఏ ఫార్మాట్ చూసినా ఇవే. అన్ని కార్డులూ చెల్లాలన్నదే సూత్రంగా నడిచే వింటేజ్ ఫార్మాట్‌లో కూడా లూరస్ అనే కంపానియన్‌ను నిషేధించవలసి వచ్చింది. బలం ఎక్కువైన కార్డులను అక్కడ ఒక్కదానికి పరిమితం చేస్తారు. బయట ఉండే కార్డుకు ఆ పరిమితి పనిచెయ్యదు మరి. జూన్ 1న కంపానియన్ నియమమే మార్చారు. మూడు మానా చెల్లించి ముందు చేతిలోకి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే వెయ్యాలి.

ఆట సమతూకం దృష్ట్యా ఆ మార్పు పనిచేసింది. 2021లో లూరస్ మీద వింటేజ్ నిషేధం తీసేయగలిగారు కూడా. కానీ ఇకోరియా ప్యాకెట్లలో అచ్చయిన కంపానియన్ కార్డు ఇప్పుడు చదివినా, బయటినుంచి నేరుగా వెయ్యొచ్చనే ఉంటుంది. ఆ మూడు మానా సంగతి కార్డు మీద లేదు, ఎవరో ఒకరు చెప్పాలి. పది కార్డులే కాబట్టి నష్టం చిన్నదే అనొచ్చు. పరీక్ష దశలో తేలవలసిన సంగతి అమ్మకం తర్వాత తేలిందన్నది మాత్రం చిన్నది కాదు.

ఖర్చు ఎవరిది?

నిషేధం నిజాయతీ గలదన్నాను. అది ఉచితం మాత్రం కాదు. కాగితపు కార్డు నిషేధానికి గురైతే కంపెనీ నష్టపరిహారం ఇవ్వదు. కంప్యూటర్ ఆటల్లో పరిస్థితి వేరు. హార్త్‌స్టోన్‌లో కార్డును బలహీనపరిచినప్పుడు కొద్దికాలం పాటు దాన్ని పూర్తి విలువకు మార్చుకోనిస్తారు. కాగితానికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి నిర్ణయం ఎంత ముందుగా, ఎంత స్పష్టంగా చెబితే అంత మేలు.

2024 సెప్టెంబరులో కమాండర్ ఫార్మాట్‌లో జరిగింది దీనికి చేదు ఉదాహరణ. కమాండర్‌ను పుట్టించింది కంపెనీ కాదు. అలాస్కాలో స్నేహితుల మధ్య మొదలై, ఆటగాళ్ల కమిటీ చేతిలో పెరిగి, ఈ ఆట ఆడే తీరుల్లో అత్యంత జనాదరణ పొందింది. ఆ కమిటీ ఏళ్ల తరబడి చాలా తక్కువ కార్డులను నిషేధిస్తూ వచ్చింది. జనం ఆ నిదానానికి అలవాటుపడి, ఖరీదైన కార్డులు భరోసాగా కొన్నారు. సెప్టెంబరు 23న మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్‌తో సహా నాలుగు కార్డులను ఒకేసారి నిషేధించారు. వీటిలో మూడు ఆటను మరీ వేగవంతం చేస్తున్నాయన్న కారణం నిజమే. కానీ కార్డుల ధరలు కూలాయి, కమిటీ సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం తిరిగేసరికి, సెప్టెంబరు 30న, ఫార్మాట్ నిర్వహణ కంపెనీ చేతికి వెళ్లిపోయింది. స్వచ్ఛందంగా ఆటను కాపాడినవాళ్లను బెదిరించడం సిగ్గుచేటు, దానికి ఏ సమర్థనా లేదు. ముందస్తు హెచ్చరిక ఏదీ లేకుండా అంత పెద్ద నిర్ణయం తీసుకోవడం కూడా సరైన పద్ధతి కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పాలి.

దీనికి పూర్తిగా ఎదురు చివర రిజర్వ్‌డ్ లిస్ట్ ఉంది. 1995లో క్రానికల్స్ సెట్‌లో పాత కార్డులు మళ్లీ అచ్చవడంతో సేకరణదారులు మండిపడ్డారు. 1996లో కంపెనీ కొన్ని పాత కార్డులను ఇంకెప్పుడూ అచ్చువెయ్యబోమని మాటిచ్చింది. ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది. ఫలితంగా ఆ కార్డులు మదుపు వస్తువులయ్యాయి. వాటితో ఆడే ఫార్మాట్లలోకి కొత్తవాళ్లు రావడం కష్టమైంది. మాట నిలబెట్టుకోవడం మంచిదే కానీ, అది ఆడేవాళ్లకు ఇచ్చిన మాట కాదు, దాచుకునేవాళ్లకు ఇచ్చిన మాట. ఆ తేడా గుర్తించకుండా రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

అమ్మకం కోసమే నియమం మార్చారన్న అనుమానం వస్తే నమ్మకం ఎంత త్వరగా పోతుందో యు-గి-ఓ చూపించింది. 2017లో లింక్ మాన్‌స్టర్లు తెచ్చి, అప్పటిదాకా ఎక్స్‌ట్రా డెక్ అనే విడి డెక్‌లోంచి స్వేచ్ఛగా దిగే ఫ్యూజన్, సింక్రో, ఎక్సీజ్ మాన్‌స్టర్లకు ఒక ప్రత్యేక గడిలోనో, లింక్ కార్డు చూపించే గడిలోనో మాత్రమే చోటిచ్చారు. పాత డెక్‌లు నడవాలంటే కొత్త లింక్ కార్డులు కొనక తప్పలేదు. 2020 ఏప్రిల్‌లో ఆ మూడు రకాలకూ ఆ అడ్డంకి తీసేశారు. మూడేళ్లపాటు పాత కార్డుల మీది మాట కొత్త కార్డుల దయమీద బతికింది. నేను చూసినంతలో ఇంతకంటే పెద్ద మాట తప్పడం ఇంకొకటి లేదు.

ఏ దారి మేలు?

ఈ చరిత్ర అంతా చూశాక నాకు ఒక వరస కుదురుతుంది. సమస్య ఆట యంత్రాంగంలోనే ఉంటే, 1999 స్టాక్‌లా, 2019 మల్లిగన్‌లా, అందరికీ ఒకేలా వర్తించే సాధారణ నియమాన్ని ధైర్యంగా మార్చాలి. సమస్య ఒక కార్డుదే అయితే దాని మీది అక్షరాన్ని ముట్టుకోకుండా ఎక్కడ చెల్లదో చెప్పాలి. నిషేధించే ముందు ఏ కార్డు మీద కన్నుందో ప్రకటించి, కొనేవాళ్లను హెచ్చరించాలి. కార్డు పాఠాన్నే తిరగరాయడం చివరి దారి కావాలి. అదీ మళ్లీ అచ్చులో సరిచేస్తామన్న హామీతోనే జరగాలి.

2025 నుంచి వేరే సంస్థల కథా ప్రపంచాలతో వచ్చే సెట్లు కూడా స్టాండర్డ్ ఫార్మాట్‌లో చెల్లుతున్నాయి. ఫైనల్ ఫాంటసీ సెట్ వాటిలో మొదటిది. సెట్లు పెరిగిన కొద్దీ ఒక్కో కార్డును పరీక్షించే సమయం తగ్గుతుంది, పొరపాట్లు పెరుగుతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే నిషేధాలు ఎన్ని చేసినా ఆ లోటు తీరదు. సెట్ల సంఖ్యను తగ్గించుకోవడం, అచ్చుకు ముందు ఇంకొంత కాలం ఆడి చూడటం కంపెనీ చేతిలో ఉన్న పనులు. అలా చేస్తే ఒక సీజన్ అమ్మకాలు తగ్గొచ్చు. చెయ్యకపోతే కార్డు చదివి ఆడవచ్చన్న నమ్మకం తగ్గుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ ఆట నిలబడింది ఆ నమ్మకం మీదే కాబట్టి, అమ్మకాలనే తగ్గించుకోవాలి.